పాలగడ్డే అని ఊరుకోకు తల్లీ

అమ్మడూ,

పాలిచ్చే రొమ్ములో గడ్డ తగిలితే అది క్యాన్సరు అయ్యే అవకాశం చాలా తక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. రాత్రంతా ఫోను పట్టుకుని ఏవేవో చదివి, తెల్లారకుండానే నాకు ఫోను చేశావు, నీ గొంతు వణుకుతోంది. కడుపుతో ఉన్నప్పుడో, కాన్పయిన ఏడాది లోపలో రొమ్ము క్యాన్సరు బయటపడేది సుమారు 3,000 కాన్పుల్లో ఒకరికి అని డాక్టర్లు లెక్క చెబుతారు. గడ్డ అనుమానంగా ఉందని ముక్క తీసి పరీక్షకి పంపినవాళ్ళలో కూడా నూటికి దాదాపు 80 మందికి అది మామూలు గడ్డే అని తేలుతుంది. ఈ రెండు లెక్కలూ మనసులో పెట్టుకో. పిల్లాడికి పాలిచ్చి, నువ్వు నాలుగు ముద్దలు తిను. ఆ తర్వాతే మిగతాది చదువు.

గడ్డ తగిలి పది రోజులు దాటిందన్నావు. మీ అత్తగారు "పాలగడ్డేనమ్మా, కాపడం పెట్టు, కరిగిపోతుంది" అన్నారట. మీ ఆయన "పిల్లాడు పాలు మానేశాక చూపిద్దాంలే" అన్నాడట. ఇద్దరూ నీ మంచి కోరే అన్నారు, అందులో నాకు సందేహం లేదు. కానీ పాలు మానేదాకా ఆగడమన్నది మాత్రం నేను ఒప్పుకోను. నా ఉద్యోగమంతా ప్రసూతి వార్డులోనే గడిచింది. బాలింతల రొమ్ముల్లో గడ్డలు లెక్కలేనన్ని చూశాను. వాటిలో దాదాపు అన్నీ పాలవల్ల వచ్చినవే. ఆ "దాదాపు" అన్న మాట కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీ రొమ్ములో ఏం జరుగుతోందో తెలుసుకో. పాలు తయారుచేసే చిన్న చిన్న గ్రంథులు కడుపుతో ఉన్నప్పటి నుంచే పెరుగుతూ వస్తాయి. కాన్పయ్యాక పాలు పడగానే రొమ్మంతా గడ్డలు గడ్డలుగా, ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా తగలడం మామూలే. పిల్లాడు తాగకముందు తగిలింది తాగాక తగలకపోవచ్చు. అందుకే గడ్డ ఉందో లేదో చూసుకోవాలంటే పాలిచ్చిన తర్వాత, రొమ్ము ఖాళీగా ఉన్నప్పుడు చూసుకోవాలి. పాలు నిండి రొమ్ము బిగిసిన వేళ తడుముకుని హడలిపోకూడదు.

ఇక ఒకచోట పాలు కట్టేయడం. ఆ చోటు గట్టిపడి, ముట్టుకుంటే నొప్పి పెడుతుంది. మన ఇళ్ళలో దీనికి ఒకటే మందు: వేడి కాపడం పెట్టి, గట్టిగా నొక్కి పిండేయడం. ఆ మాట పట్టుకుని బాలింతలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ రొమ్ము పిసికించుకోవడం వార్డులో ఎన్నోసార్లు చూశాను. ఇప్పుడు ఆ పద్ధతి తప్పంటున్నారు. తల్లిపాల విషయంలో పనిచేసే డాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఒకటి ఉంది, అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అని. 2022లో వాళ్ళు సూచనలు మార్చారు. గొట్టంలో ఏదో ముద్ద అడ్డుపడిందని అనుకోవడం కంటే, ఆ చోట లోపలి కండ వాచి గొట్టాలని నొక్కుతోందని అనుకోవడమే సరైనదట. వాచిన చోట పిసికితే వాపు ఇంకా పెరుగుతుంది. గట్టిగా మర్దనా వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు పాలిచ్చిన తర్వాత కాసేపు పెట్టు. పిల్లాడు అడిగినప్పుడల్లా మామూలుగా ఇయ్యి. ఖాళీ చేయాలని పంపు పెట్టి అదే పనిగా లాగకు, లాగినకొద్దీ శరీరం ఇంకా ఎక్కువ పాలు తయారుచేస్తుంది. నొప్పికి పారాసిటమాల్ గానీ ఐబుప్రొఫెన్ గానీ వేసుకోవచ్చు. పాలిచ్చే తల్లికి ఆ రెండూ పనికొస్తాయి, నీకు కడుపులో పుండు లాంటి ఇబ్బందేమీ లేకపోతే. ఇలా చేస్తే పాలు కట్టిన గడ్డ మామూలుగా రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది.

అది మెత్తబడకుండా ఎర్రబారి, చలి జ్వరం వచ్చి, ఒళ్ళంతా విరిచినట్టు నొప్పులు పుడితే రొమ్ముకి ఇన్ఫెక్షను సోకిందన్నమాట. అప్పుడు యాంటీబయాటిక్ కావాల్సి వస్తుంది. మందు పడ్డాక రెండు రోజుల్లో జ్వరం, నొప్పి తగ్గుముఖం పట్టాలి. తగ్గకపోతే లోపల చీము పట్టిందేమోనని స్కానింగు చేసి చూస్తారు. చీముగడ్డ అయితే ఇప్పుడు చాలాసార్లు కోత లేకుండా, స్కానింగులో చూస్తూ సూదితోనే లాగేస్తున్నారు. ఈ గొడవంతా నడుస్తున్నా పిల్లాడికి పాలు ఆపనక్కర్లేదు. జ్వరం పాలు తాగితే పిల్లాడికి జ్వరం వస్తుందన్నది మన ఊళ్ళలో పాతుకుపోయిన అపోహ. పాలు ఉన్నపళంగా ఆపేస్తేనే గడ్డ ముదురుతుంది.

నొప్పి లేని గడ్డల్లోనూ మంచివే ఎక్కువ. పాలు ఒకచోట తిత్తిలా నిలిచిపోవడం ఒకటి. సూదితో లాగితే అందులోంచి పాలే వస్తాయి. పెళ్ళికి ముందునుంచే ఉండి, కడుపుతో ఉన్నప్పుడు పెద్దదయ్యే కంతి ఇంకొకటి. దాన్ని డాక్టర్లు ఫైబ్రోఎడినోమా అంటారు. వేలితో నొక్కితే జారి పక్కకి వెళుతుంది. పాలిచ్చే రోజుల్లోనే పుట్టి, పాలు మానాక తనంతట తానే చిక్కిపోయే గడ్డలూ ఉన్నాయి. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో చంకలో ఉబ్బి నొప్పి పెట్టడం కూడా కొందరికి ఉంటుంది. చంకలో కొద్దిగా రొమ్ము కండ పుట్టుకతో ఉన్నవాళ్ళకి అక్కడా పాలు పడతాయి. నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది.

ఇన్ని మంచి గడ్డలు చెప్పాక, నీకెందుకింత పట్టుబట్టి చూపించుకోమంటున్నానని అడుగుతావు.

ఎందుకంటే వీటిలో ఏది ఏదో చేత్తో తడిమి మీ అత్తగారూ చెప్పలేరు, నేనూ చెప్పలేను, పెద్ద సర్జన్ కూడా ఒట్టి చేత్తో చెప్పలేడు. పాలిచ్చే తల్లుల్లో క్యాన్సరు అరుదు, నిజమే. ఆ అరుదుగా వచ్చినవాళ్ళకి ఎక్కువ కీడు చేసేది ఆలస్యం. బాలింత కాబట్టి పాలగడ్డే అని ఇంట్లోవాళ్ళు అంటారు, కాన్పు చేసిన డాక్టరూ అంటుంది, చివరికి ఆ పిల్లే తనకి తాను చెప్పుకుంటుంది. నా వార్డులో ఒక అమ్మాయిని చూశాను. రెండో కాన్పుకి వచ్చింది. మొదటి బిడ్డకి పాలిస్తున్నప్పుడే గడ్డ తగిలిందట. చూపిస్తే, ముట్టుకోకుండానే "పాలు మానితే పోతుంది" అని పంపేశారట. పాలు మానింది, గడ్డ మానలేదు. ఈలోగా మళ్ళీ నెల తప్పింది. మా దగ్గరికి వచ్చేసరికి చంకలోనూ గడ్డలు తగిలాయి. ఆ పిల్లకి గడ్డ తగిలిన నెలలోనే ఎవరైనా ఒక్క స్కానింగు రాసి ఉంటే కథ వేరుగా ఉండేది. అమ్మడూ, ఆ పిల్ల ఎవరి మాటనీ కాదనలేదు, అందరి మాటా వింది. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే నువ్వు ఈ ఒక్క విషయంలో అందరి మాటా వినకు.

కాబట్టి గడువు పెట్టుకో. ఏ గడ్డయినా రెండు వారాలు దాటి అలాగే ఉంటే, నొప్పి ఉన్నా లేకపోయినా, డాక్టరుకి చూపించి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. యాంటీబయాటిక్ కోర్సు పూర్తయినా ఎరుపూ వాపూ తగ్గకపోతే రెండో కోర్సు, మూడో కోర్సు అంటూ పోకుండా స్కానింగు అడగాలి. రొమ్ములో వాపులా వచ్చే ఒక రకం క్యాన్సరు ఉంది. అందులో గడ్డే తగలకపోవచ్చు. రొమ్మంతా ఎర్రబారి, బరువెక్కి, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడుతుంది. పైకి చూస్తే అచ్చం ఇన్ఫెక్షనులాగే ఉంటుంది, మందులకి మాత్రం లొంగదు.

కొన్నింటికి రెండు వారాల గడువు కూడా వద్దు. గడ్డ రాయిలా కదలకుండా ఉండడం, పైచర్మం లోపలికి లాగినట్టు అవడం, ఎప్పుడూ బయటికి ఉండే చనుమొన కొత్తగా లోపలికి పోవడం, చంకలో కాన్పునాటిది కాని కొత్త గడ్డ, చనుమొన మీద ఎంతకీ మానని పొక్కు లాంటి పుండు, ఒక రొమ్ము నుంచే పదేపదే నెత్తురు. నెత్తురు గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే అనవసరంగా భయపడతావు. కాన్పయిన మొదటి రోజుల్లో తుప్పు రంగు పాలు రావడం కొందరికి ఉంటుంది, వారం లోపలే తేటపడుతుంది. చనుమొన చిట్లినా నెత్తురు కలుస్తుంది. ఆ రెండూ కాకుండా వస్తేనే ఆలోచించాలి. పిల్లాడు ఒక రొమ్ము వద్దని మొరాయిస్తున్నాడన్నావు. దానికి జలుబు నుంచి మెడ నొప్పి దాకా వంద కారణాలుంటాయి. అదొక్కటే చూసి ఏ నిర్ణయానికీ రాకు, కానీ డాక్టరుతో ఆ మాట కూడా చెప్పు.

ఇంకో సంగతి మీ ఇంట్లో ఎవరూ తలవరు కాబట్టి నేనే తలుస్తున్నాను. మీ మేనత్త, మీ నాన్న చెల్లెలు, నలభై దాటకుండానే రొమ్ము క్యాన్సరుతో పోయింది. అది తండ్రి వైపు కదా, మనకేం సంబంధం అనుకోకు. ఈ జబ్బుకి సంబంధించిన జన్యు మార్పులు తల్లి నుంచి ఎంత వస్తాయో తండ్రి నుంచీ అంతే వస్తాయి. డాక్టరు అడక్కపోయినా నువ్వే చెప్పు. మన దేశంలో ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే. 2022లో కొత్తగా దాదాపు 1,92,000 మందికి వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు విభాగం లెక్కగట్టింది. పైగా పడమటి దేశాలవాళ్ళ కంటే మనవాళ్ళకి సగటున పదేళ్ళు ముందుగా వస్తోంది. ఇంత చిన్న వయసులో నాకేంటన్న ధీమా మనకి పనికిరాదు.

పరీక్షల గురించి నీకున్న భయం వేరు, నాకు తెలుసు. పరీక్షకి వెళితే పాలు మాన్పించేస్తారని. మాన్పించనక్కర్లేదు. మొదట చేసేది అల్ట్రాసౌండ్, అందులో రేడియేషనే లేదు. అవసరమైతే మామోగ్రామ్ తీస్తారు. దాని ఎక్స్‌రే పాలల్లో నిలవదు, బయటికి వచ్చిన వెంటనే పిల్లాడికి పాలివ్వొచ్చు. పాలిచ్చే రొమ్ము దట్టంగా ఉంటుంది కాబట్టి ఫిల్ములో గడ్డ సరిగా కనపడకపోవచ్చు. అందుకే పరీక్షకి లోపలికి వెళ్ళేముందు, అక్కడే బయట కూర్చుని, రెండు వైపులా పిల్లాడికి ఇచ్చేసి వెళ్ళు. బొమ్మ బాగా వస్తుంది, నీకు నొక్కుడు నొప్పీ తగ్గుతుంది. పిల్లాడిని ఎత్తుకోవడానికి మీ అత్తగారినే తోడు తీసుకెళ్ళు. ఆవిడ కళ్ళతో చూస్తే ఆవిడకీ ధైర్యం వస్తుంది.

స్కానింగులో అనుమానం ఉంటే సూదితో ముక్క తీస్తారు, బయాప్సీ అంటారు. ఆ చోటికి మత్తు ఇచ్చి చేస్తారు. పాలిచ్చే తల్లికి కూడా నిక్షేపంగా చేయొచ్చు. సూది వేసిన దారిలోంచి కొద్దిరోజులు పాలు కారడం అరుదుగా జరుగుతుంది, అది మానిపోతుంది. సూది గుచ్చితే క్యాన్సరు ఒళ్ళంతా పాకుతుందని ఎవరో ఒకరు చెబుతారు, నమ్మకు. సన్న సూదితో కణాలు మాత్రమే లాగే పరీక్ష ఇంకొకటి ఉంది. పాలిచ్చే రొమ్ములో కణాలు మామూలుగానే వేరుగా కనిపిస్తాయి కాబట్టి అది తప్పుదారి పట్టించవచ్చు. ముక్క తీసే పరీక్షే నమ్మకమైనది. ఏది చేసినా ల్యాబుకి పంపే కాగితం మీద "పాలిచ్చే తల్లి" అని రాయించు. ఆ ఒక్క మాట లేక రిపోర్టులు తారుమారయ్యే ప్రమాదం ఉంది.

ఎవరైనా డాక్టరు "ముందు పాలు మాన్పించి రా, అప్పుడు చూద్దాం" అంటే, గట్టిగా వాదించక్కర్లేదు, నమస్కారం పెట్టి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళు. మగ డాక్టరు చూస్తాడని సిగ్గుపడి వాయిదా వేయకు. పరీక్ష చేసేటప్పుడు పక్కన నర్సుని ఉండమని అడగడం నీ హక్కు.

ఇక, ఒకవేళ. ఒకవేళ అది క్యాన్సరే అయితే అన్న ప్రశ్న నీ నోట రాలేదు గానీ, నీ గొంతులో వినపడింది. దానికీ జవాబు చెప్పి తీరాలి. తల్లి పాల ద్వారా క్యాన్సరు బిడ్డకి పోదు. ఇన్నాళ్ళూ తాగిన పాలవల్ల నీ బిడ్డకి ఏ కీడూ జరగలేదు. ఆ భయం పూర్తిగా వదిలెయ్. కీమో మందులు మొదలుపెడితే మాత్రం పాలు ఆపాలి, అవి పాలల్లోకి దిగుతాయి. ఆ తర్వాత వాడే టామాక్సిఫెన్ లాంటి మాత్రలప్పుడు కూడా ఇవ్వకూడదు. పాలు ఇంకిపోవడానికి మందులున్నాయి. మన అమ్మమ్మలు మల్లెపూలు రొమ్ముకి కట్టి పాలు ఇంకించేవాళ్ళు కదా, అది ఒట్టి నమ్మకం కాదు. మల్లెపూలనీ పాలు ఇంకించే ఒక మందునీ పోల్చి చూసిన పరిశోధన 1988లో అచ్చయింది, పూలూ బాగానే పనిచేశాయని తేల్చింది. అందుకే గడ్డ తగిలిందని ఎవరైనా ఇప్పుడు నీకు మల్లెపూలు కడతానంటే వద్దను. ఉన్న పాలు పోతాయి, గడ్డ సంగతి తేలదు. నువ్వు పాలివ్వలేని రోజు వస్తే పిల్లాడికి డబ్బాపాలు పోస్తాం, వాడు పెరుగుతాడు. వాడికి పాలకన్నా నువ్వు ముఖ్యం.

దాచకుండా ఇంకొకటి చెబుతాను. కాన్పయిన మొదటి కొన్నేళ్ళలో బయటపడే క్యాన్సర్లు కొంత మొండివని పరిశోధనలు చెబుతున్నాయి. అందువల్లే తొందరగా పట్టుకోవడం మరీ ముఖ్యం. తొందరగా పట్టుకుంటే వైద్యం ఉంది, ఆ వైద్యం తర్వాత జీవితమూ ఉంది. చికిత్స అయ్యాక మళ్ళీ తల్లులై, రెండో రొమ్ముతో బిడ్డలకి పాలిచ్చినవాళ్ళూ ఉన్నారు.

నీ తప్పేదో ఉందని మాత్రం వెతుక్కోకు. పిల్లాడు కొరికాడనో, తల తగిలిందనో, బిగువు జాకెట్టు వేసుకున్నావనో, దిష్టి తగిలిందనో క్యాన్సరు రాదు. పాలివ్వడం నిజానికి కాస్త కాపుదలే. 30 దేశాల్లో జరిగిన 47 పరిశోధనలని కలిపి 2002లో లెక్క తీస్తే, ఒక తల్లి మొత్తంమీద పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ రొమ్ము క్యాన్సరు ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతోందని తేలింది. కాపుదల అంటే ముప్పు తగ్గడమే, అసలు రాదని కాదు. పాలిస్తున్నాను కదా నాకు రాదు అనుకోవడమూ తప్పే. పాలివ్వలేకపోయిన తల్లిని, నీకు అందుకే వచ్చిందని ఎత్తిపొడవడం అంతకన్నా పెద్ద తప్పు.

ఖర్చు గురించి మీ ఆయన లోపల్లోపల మథనపడుతున్నట్టున్నాడు. అల్ట్రాసౌండ్ ఖర్చు మీకు మోయలేనిది కాదు. ఒకవేళ పెద్ద వైద్యమే కావాల్సి వస్తే, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో క్యాన్సరు చికిత్సలున్నాయి. తెలంగాణలో ఆ పేరుతోనే ఉంది, ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కార్డు ఎక్కడుందో వెతికి పెట్టుకోమను, అంతే. మీరుండేది హైదరాబాదులోనే కాబట్టి దూరాభారమూ లేదు. రెడ్‌హిల్స్‌లో ఎమ్మెన్జే ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది. విశాఖలో మీ చెల్లెలికి కూడా చెప్పి ఉంచు, అక్కడ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉంది. ఊళ్ళో ఉన్న మీ అమ్మ వయసువాళ్ళకైతే, ముప్పై దాటిన ఆడవాళ్ళందరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష చేయాలన్న కార్యక్రమమే ఉంది. ఏఎన్ఎంని అడిగితే తేదీ చెబుతుంది. మీ అమ్మ ఇంతవరకు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ సంగతి నేను చూసుకుంటాను.

నువ్వు ఇప్పుడు నేరుగా క్యాన్సరు ఆసుపత్రికే పరుగెత్తాల్సిన పనిలేదు. నీకు కాన్పు చేసిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళు, లేదా ఒక జనరల్ సర్జన్‌ని చూడు. గడ్డ ఎప్పుడు తగిలింది, పెరిగిందా తగ్గిందా, నొప్పి ఉందా, పాలిచ్చాక మారుతోందా, మేనత్త సంగతి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళు. అక్కడికి వెళ్ళాక సగం మర్చిపోతాం. "ఏం కాదులే" అని చేత్తో తడిమి పంపేయబోతే, "అల్ట్రాసౌండ్ రాయండి మేడం" అని నోరు తెరిచి అడుగు. అడగడం అమర్యాద కాదు.

నీకు గడ్డ తగిలి రెండు వారాలు నిండడానికి ఇంకో రెండు మూడు రోజులే ఉన్నాయి. ఈలోపు గట్టిగా పిసకొద్దు, మాటిమాటికీ తడుముకోవద్దు, పాలు ఆపొద్దు. సోమవారం పొద్దున్నే వెళ్ళు. రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు, ఏ వేళయినా సరే నాకు ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ